సీటు ఒకరిది, పట్టా ఇంకొకరిది: సిక్కోలు, విజయనగరం పిల్లలు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరడం ఎలా?

డిగ్రీలో సీటు ఇచ్చేది ఒకరు. పాఠం చెప్పే మాస్టారికి జీతమిచ్చేది ఇంకొకరు. పరీక్ష పెట్టి పట్టా చేతికిచ్చేది మరొకరు. ఫీజు కట్టేది వీళ్లెవరూ కాదు, వేరే శాఖ. ఈ నాలుగు గుమ్మాలూ వేర్వేరని తెలియకపోవడం వల్లే ఇంటర్ పాసైన పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు వేసవంతా తిరిగిన చోటుకే తిరుగుతుంటారు. "మా గుంటకి స్కాలర్‌షిప్పు పడలేదండి" అని ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్తే ఆయన చేయగలిగింది కొంచెమే. "సీటు మార్చండి" అని యూనివర్సిటీకి వెళ్తే వాళ్లకు ఆ అధికారమే లేదు.

కాబట్టి ముందు ఎవరిది ఏ పనో తెలుసుకుందాం. సీట్లు కేటాయించేది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి. 1988 నాటి చట్టంతో ఏర్పడిన సంస్థ ఇది. ప్రవేశ పరీక్షలు నడిపించడం, డిగ్రీ ప్రవేశాలను ఆన్‌లైన్‌లో నిర్వహించడం దీని పనులు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో అధ్యాపకుల నియామకం, బదిలీ, జీతం కళాశాల విద్యా కమిషనరేట్ చూస్తుంది. సిలబస్, పరీక్షలు, మార్కుల జాబితా, పట్టా ఇవన్నీ విశ్వవిద్యాలయానివి. ఫీజు, హాస్టల్ ఖర్చు తిరిగి ఇచ్చేది సాంఘిక, బీసీ, గిరిజన, మైనారిటీ సంక్షేమ శాఖలు, జ్ఞానభూమి పోర్టల్ ద్వారా. ఒక తెల్లకాగితం మీద ఈ నాలుగు పేర్లూ రాసి గోడకు అంటించుకున్నా తప్పులేదు.

మొదటి అడుగు: మీ కాలేజీ ఏ యూనివర్సిటీ కిందిదో చూడండి

శ్రీకాకుళం జిల్లా కాలేజీలకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. ఎచ్చెర్లలో, జాతీయ రహదారి పక్కన. అంతకుముందు అది ఆంధ్రా విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం. 2008లో సొంతంగా విశ్వవిద్యాలయమైంది. విజయనగరం వైపు డిగ్రీ కాలేజీలు 1926లో పుట్టిన ఆంధ్రా విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. ఇక్కడే ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల సరిహద్దులు మారాయి. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా మారినంత మాత్రాన కాలేజీ యూనివర్సిటీ మారిపోదు. అందుకని జిల్లా పేరు చూసి ఊహించుకోకండి. కాలేజీ బోర్డు మీద, వెబ్‌సైట్ మీద "అనుబంధం" అన్న చోట ఏ పేరుందో అదే చూడండి. మూడేళ్ల తర్వాత మార్కుల జాబితాలో తప్పు దొర్లితే బస్సెక్కాల్సింది ఎచ్చెర్లకా, విశాఖకా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఇంకో గందరగోళం పేరుది. శ్రీకాకుళం అంబేద్కర్ విశ్వవిద్యాలయం వేరు, హైదరాబాద్‌లోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వేరు. మొదటిది రోజూ క్లాసుకు వెళ్లి చదివేది, రెండోది దూరవిద్య. నెట్‌లో వెతికేటప్పుడు రెండో దాని పేజీ ముందు కనబడొచ్చు. ఫీజు చలానా అక్కడ కట్టేసి, తర్వాత తల పట్టుకునే పని పెట్టుకోకండి.

"యూనివర్సిటీ" అని బోర్డు ఉన్నదల్లా సర్కారుది కాదన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. విజయనగరం జిల్లాలోనే చూడండి. జేఎన్‌టీయూ గురజాడ, అంటే 2007లో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలై 2022లో విశ్వవిద్యాలయమైనది, రాష్ట్ర ప్రభుత్వానిది. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో పార్లమెంటు చేసిన చట్టంతో వచ్చింది, కేంద్రానిది. సెంచూరియన్ ప్రైవేటు విశ్వవిద్యాలయం. మూడింటికీ ప్రవేశం దారి వేరు, ఫీజు లెక్క వేరు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది రాష్ట్రానిదా, కేంద్రానిదా, ప్రైవేటుదా?

రెండో అడుగు: పక్క తలుపులు ఒకసారి తట్టి చూడండి

డిగ్రీ ఖాయం చేసుకునే ముందు మిగతా దారుల సంగతి తెలుసుకోవాలి. ఎందుకంటే కొన్ని తలుపులు ముందే మూసుకుపోతాయి. ఎచ్చెర్ల మండలంలోని శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ ఇంటర్ తర్వాత చేరేది కాదు. 2016లో మొదలైన ఈ ప్రాంగణంలోకి పదో తరగతి మార్కులతోనే తీసుకుంటారు. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు. సర్కారు బడిలో చదివిన పిల్లలకు మార్కుల లెక్కలో కొంత అదనపు వెసులుబాటూ ఉంటుంది. ఇంట్లో చిన్నవాళ్లు తొమ్మిదో, పదో చదువుతుంటే ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

ఇంజినీరింగ్‌కు, నైరా వ్యవసాయ కళాశాలకు ఈఏపీసెట్. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలలకు నీట్. గిరిజన విశ్వవిద్యాలయానికి 2022లో మొదలైన సీయూఈటీ, దీనికి దరఖాస్తు ఇంటర్ ఫలితాలు రాకముందే పెట్టాలి. సవర, జాతాపు పిల్లల్లో ఈ పరీక్ష పేరే వినని వాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల పేరున పెట్టిన విశ్వవిద్యాలయం ఇంటి పక్కనే ఉన్నా తేదీ తెలియక పోగొట్టుకోవడం అన్యాయం. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏ కాలేజీల్లో మాస్టార్లు డిసెంబరు నుంచే దీని గురించి చెబితే బాగుంటుందని నా అభిప్రాయం.

ఏ సెట్టూ అక్కర్లేని తలుపు ఒకటి విజయనగరంలో ఉంది, చాలామంది దాన్ని కాలేజీ అనే అనుకోరు. మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. 1919లో పెట్టారు, తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామినాయుడు పాఠం చెప్పిన చోటు, ఘంటసాల, పి. సుశీల చదువుకున్న చోటు. గాత్రం, వయొలిన్, వీణ, మృదంగం వంటివి నేర్పి సర్టిఫికెట్, డిప్లొమా ఇస్తారు. బీకాం చదివే పిల్లకు గొంతుంటే ఈ దారీ కనుక్కోవాలి. సరే, మనం డిగ్రీ దగ్గరకు వద్దాం.

మూడో అడుగు: ఫలితాలు రాకముందే కాగితాలు

అన్నిటికంటే ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. ఇంటర్ ఫలితాలు ఏప్రిల్‌లో వస్తాయి. డిగ్రీ ప్రవేశాల నోటిఫికేషన్ 2024లో జూలైలో, 2025లో ఆగస్టులో వచ్చింది. ఇన్ని నెలలు ఖాళీగా ఉండి, నోటిఫికేషన్ పడ్డాక పది రోజుల్లో అన్ని కాగితాలకూ పరిగెత్తుతారు. గ్రామ, వార్డు సచివాలయం దగ్గర క్యూ, సర్వర్ పనిచేయదు, తహసీల్దారు సెలవు. మే నెలలో ఎండకు భయపడకుండా ఈ పని ముగించుకుంటే ఆగస్టులో హాయిగా ఉంటుంది.

మొదట కుల ధ్రువపత్రం. మన రెండు జిల్లాల్లో దీని మీద ప్రత్యేకంగా కళ్లు పెట్టాలి. తూర్పు కాపులు బీసీ-డి. పత్రంలో 'కాపు' అని మాత్రమే పడితే మీరు ఓసీ లెక్కలోకి పోతారు. బీసీలకు ఉన్న 29 శాతంలో ఏకు 7, బీకి 10, సీకి 1, డీకి 7, ఈకి 4. అంటే పక్కన ఉన్న ఒక్క అక్షరం సీటు ఎక్కడ రావాలో నిర్ణయిస్తుంది. పత్రం చేతికి రాగానే కులం పేరు, గ్రూపు, తండ్రి పేరు, పదో తరగతి మెమోలో ఉన్న పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిచూసుకోండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా కూడా ఆన్‌లైన్‌లో తంటా తెస్తుంది. ఎస్సీలకు 15, ఎస్టీలకు 6 శాతం. వీటిలో ఏదీ లేని, ఆదాయం తక్కువున్న కుటుంబాలకు ఈడబ్ల్యూఎస్ 10 శాతం ఉంది; ఆ పత్రం ఆ ఏడాదిదే కావాలి, నిరుటిది చెల్లదు.

రెండోది ఆదాయం. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదన్నది కొన్నేళ్లుగా ఉన్న హద్దు. ఆదాయ ధ్రువపత్రానికి సచివాలయంలో దరఖాస్తు పెట్టుకోండి. రేషన్‌కార్డులో పిల్లవాడి పేరుందో లేదో, పెళ్లయి వెళ్లిపోయిన అక్క పేరు ఇంకా అందులోనే ఉందో చూసుకోండి. ఇంట్లో ఎవరికైనా సర్కారు ఉద్యోగం వచ్చి, పాత కార్డే నడుస్తుంటే తనిఖీలో అక్కడే ఆగిపోతుంది.

మూడోది స్టడీ సర్టిఫికెట్లు. ఇవి వలసల జిల్లాలు కనుక ఈ విషయం కొంచెం నిదానంగా చెప్పాలి. సీట్లలో 85 శాతం స్థానికులకు. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు స్థానిక ప్రాంతంలో చదివి ఉంటే స్థానికులు. కాలేజీ ఏ యూనివర్సిటీ కిందున్నా, ఈ లెక్కకు మన రెండు జిల్లాలూ ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతమే. ఉద్దానం నుంచి, పలాస నుంచి పనికోసం హైదరాబాదో చెన్నైయో వెళ్లి, పిల్లల్ని అక్కడే బడిలో వేసినవాళ్లు ఎందరో. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు ఇళ్లవాళ్లు బరంపురంలోనో పర్లాకిమిడిలోనో చదివించడమూ మామూలే, గీత దాటితే ఒడిశా. ఇలాంటి పిల్లలు ఆరో తరగతి నుంచి ఏ ఏడు ఎక్కడ చదివారో ఒక్కో బడి నుంచీ పత్రం తెచ్చుకోవాలి. నాలుగేళ్లు లెక్క కుదరకపోతే కంగారుపడొద్దు. తల్లి గానీ తండ్రి గానీ పదేళ్లు ఈ రాష్ట్రంలో ఉన్నట్టు తహసీల్దారు పత్రం ఉంటే మిగతా 15 శాతానికి పోటీ పడవచ్చు. ఆ పత్రం ఒక్కరోజులో వచ్చేది కాదు కాబట్టే మే అంటున్నాను.

ఇక ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు తగిలించి ఉందో చూడండి. నాన్న ఫోన్ చెన్నైలో ఆయన జేబులో ఉంటే ఓటీపీ ఆయనకు వెళ్తుంది. నంబరు మార్చుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం, డిజిలాకర్‌లో అపార్ గుర్తింపు కూడా అప్పుడే చేసుకుంటే ఓ పనైపోతుంది.

నాలుగో అడుగు: కాలేజీ ఎంపిక

సర్కారు కాలేజీ అంటే ఎక్కడా సీటు రానివాళ్లు చేరేదని మన ఊళ్లలో ఒక మాట పాతుకుపోయింది. ఆ మాట చెప్పేవాళ్లు ఎక్కువగా ప్రైవేటు కాలేజీ తరఫున ఇల్లిల్లూ తిరిగేవాళ్లే అని గమనించండి. ప్రభుత్వ కాలేజీలో పాఠం చెప్పేవాళ్లలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా వచ్చినవాళ్లు, పీహెచ్‌డీలు ఉన్నవాళ్లు ఉంటారు. లేనిదల్లా ప్రచారం. అలాగని అన్నీ బాగుంటాయని నేననను. కొన్నిచోట్ల పోస్టులు ఖాళీ, కొన్నిచోట్ల ల్యాబులో పరికరాలు పాతవి. అందుకే పోయి చూడాలి.

శ్రీకాకుళంలో పాతతరం ఇప్పటికీ ఆర్ట్స్ కాలేజీ అని పిలిచే ప్రభుత్వ పురుషుల కళాశాల, మహిళా కళాశాల పెద్దవి. టెక్కలి, నరసన్నపేట, పాలకొండ, సాలూరు వంటి చోట్లా ప్రభుత్వ డిగ్రీ కాలేజీలున్నాయి. విజయనగరం మహారాజా కళాశాల కథ వేరు. 1879లో కళాశాల స్థాయికి ఎదిగిన సంస్థ, గురజాడ అప్పారావు చదివి, అక్కడే పాఠం చెప్పిన కాలేజీ. కానీ అది సర్కారుది కాదు, మాన్సాస్ ట్రస్టుది. ఇలాంటి ఎయిడెడ్ కాలేజీల్లో జీతాలు ప్రభుత్వమే ఇచ్చేది. 2021లో ఆ విధానం మార్చి, ఒప్పుకున్న సంస్థల నుంచి ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. కాబట్టి ఏ ఎయిడెడ్ కాలేజీకి వెళ్లినా "ఈ కోర్సు ఎయిడెడా, సెల్ఫ్ ఫైనాన్సా?" అని అడిగి, ఫీజు ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఒకే గేటు లోపల రెండు ఫీజులు ఉండొచ్చు.

కాలేజీకి వెళ్లినప్పుడు చూడాల్సినవి: మీ సబ్జెక్టుకు అధ్యాపకులు ఎందరు, వాళ్లలో రెగ్యులర్ ఎవరు, అతిథి అధ్యాపకులు ఎవరు. ల్యాబు తలుపు తీయించి చూడండి. నిరుడు ఆ కోర్సులో ఎందరు చేరారో అడగండి. చేరినవాళ్లు మరీ తక్కువైతే కోర్సు నడవకపోవచ్చు. న్యాక్ గ్రేడు ఉంటే అది ఏ ఏడాదిదో కూడా చూడండి, దానికీ గడువుంటుంది. రెండో ఏడాది చదువుతున్న ఒకరిద్దర్ని క్యాంటీన్ దగ్గర పలకరిస్తే వచ్చే సమాచారం ఏ బ్రోషర్‌లోనూ ఉండదు.

దూరం లెక్క ఆడపిల్లల విషయంలో ఈమధ్య మారింది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో చార్జీ లేదు. ముప్పై కిలోమీటర్లవతల ఉన్న మంచి కాలేజీ ఇంతకుముందు చార్జీల వల్ల వద్దనుకుంటే ఇప్పుడు మళ్లీ ఆలోచించండి. అయితే చార్జీ లేదన్నంత మాత్రాన బస్సు ఉన్నట్టు కాదు. సాయంత్రం నాలుగున్నరకు కాలేజీ వదిలాక మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో డిపోలో అడిగి, అప్పుడు నిర్ణయించుకోండి.

కోర్సు విషయం. ఒకప్పుడు బీఎస్సీ ఎంపీసీ అంటే మూడు సబ్జెక్టులూ సమానంగా చదివేవారు. 2023-24 నుంచి మేజర్, మైనర్ పద్ధతి వచ్చింది. మూడేళ్లకు డిగ్రీ తీసుకుని బయటికి రావచ్చు, నాలుగో ఏడాది చదివితే ఆనర్స్. ఈ నిబంధనలు ఏటా ఏదో ఒక మూల మారుతూనే ఉంటాయి. పక్కింటి అన్న చెప్పినది ఆయన బ్యాచ్‌కు సరి, మీకు ఆ ఏటి నోటిఫికేషనే ప్రమాణం. 2021-22 నుంచి డిగ్రీలన్నీ ఇంగ్లిష్ మీడియమే. తెలుగు మీడియంలో వచ్చిన పిల్లలు మొదటి సెమిస్టర్ బెదిరిపోతారు. కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు బ్రిడ్జి క్లాసులు పెడతారా, రెండు భాషల్లో పుస్తకాలు లైబ్రరీలో ఉన్నాయా అని అడగడం అందుకే అవసరం.

ఐదో అడుగు: ఆన్‌లైన్ దరఖాస్తు, మీ చేతుల మీదుగా

ఓఏఎండీసీ అనేది ఉన్నత విద్యామండలి డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం. 2020-21 ప్రవేశాలతో మొదలైంది. ఇంటర్ హాల్‌టికెట్ నంబరు కొడితే మార్కులు వాటంతటవే వస్తాయి. రిజిస్ట్రేషన్ ఫీజు ఇటీవలి సంవత్సరాల్లో ఓసీలకు 400, బీసీలకు 300, ఎస్సీ ఎస్టీలకు 200 రూపాయలు. ఎన్‌సీసీ, క్రీడలు, దివ్యాంగులు, మాజీ సైనికుల పిల్లలు ఇలాంటి ప్రత్యేక కోటా ఉంటే సహాయ కేంద్రానికి అసలు పత్రాలతో వెళ్లి తనిఖీ చేయించుకోవాలి. ఆ తర్వాత వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు, కాలేజీలో హాజరు. ఒక విడత అయ్యాక మిగిలిన సీట్లకు ఇంకో విడత ఉంటుంది. సప్లిమెంటరీలో పాసైన వాళ్లూ నిరాశపడాల్సిన పనిలేదు.

ఇందులో కష్టమైనది ఏదీ లేదు, ప్రమాదకరమైనది ఒకటుంది. వెబ్ ఆప్షన్లు వేరేవాళ్లు పెట్టేయడం. ఫలితాలు రాగానే ఇంటికొచ్చి, "అన్నీ మేమే చూసుకుంటాం బాబూ" అని హాల్‌టికెట్ నంబరు, ఆధార్ రాసుకుపోయే మనిషి ఉంటాడు. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసి ఓటీపీ చెప్పమంటాడు. చెప్పారా, మీ మొదటి ఆప్షన్, ఒక్కోసారి ఒకే ఒక్క ఆప్షన్, ఆయన కాలేజీయే అయి ఉంటుంది. పిల్లవాడికి సర్కారు కాలేజీలో వచ్చే మార్కులున్నా అక్కడ పేరే ఉండదు. ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దు. అసలు మార్కుల మెమో, టీసీ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. అప్పటికే ఎవరో రిజిస్టర్ చేసేశారని తెలిస్తే దగ్గరలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలోని సహాయ కేంద్రానికి వెళ్లి, ఆప్షన్ల గడువు ముగిసేలోగా చెప్పండి.

నెట్ సెంటర్‌లో పెట్టించుకుంటే మీరు పక్కనే కూర్చోండి. ఇంట్లోనే కాగితం మీద వరుస రాసుకొని వెళ్లండి. మొదట నిజంగా కావాల్సినది, మార్కులు చాలవేమో అనిపించినా సరే, రాయండి. పైన రాసినందువల్ల కింది సీటు పోదు. తర్వాత వచ్చే అవకాశం ఉన్నవి. చివర్లో, తప్పనిసరైతే చేరగలిగినవి. చేరనే చేరననుకున్న కాలేజీని సరదాకి కూడా పెట్టొద్దు. అయిపోయాక ప్రింట్ తీసుకుని, అక్కడే వేలు పెట్టి ఒక్కొక్కటీ చదవండి.

ఆరో అడుగు: చేరాక మొదటి రెండు నెలలు

సీటు వచ్చినట్టు మెసేజ్ రాగానే గడువులోపల కాలేజీకి వెళ్లి హాజరు వేయించుకోవాలి. లేకపోతే ఆ సీటు రద్దై తర్వాతి విడతలోకి పోతుంది. అసలు పత్రాలు ఇస్తే రసీదు తీసుకోండి, అన్నిటికీ నాలుగేసి జిరాక్సులు ఇంట్లో ఉంచుకోండి.

సీటు ఏ దారిలో వచ్చిందన్నది డబ్బు దగ్గర తేలుతుంది. కన్వీనర్ కోటాలో, అంటే ఓఏఎండీసీ కేటాయింపుతో చేరినవాళ్లకే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాలోనో, చివర్లో స్పాట్ అడ్మిషన్‌లోనో చేరితే సాధారణంగా రాదు. దూరవిద్యకూ రాదు. "ముందు చేరిపోండి, స్కాలర్‌షిప్ మేము తెప్పిస్తాం" అన్న మాట విన్నప్పుడు ఇది గుర్తుండాలి. పథకం పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంది, డబ్బు తల్లి ఖాతాలోకా, కాలేజీ ఖాతాలోకా అన్నదీ మారింది. మారనిది హాజరు: 75 శాతం తగ్గితే ఆగిపోతుంది. జ్ఞానభూమిలో పేరు కాలేజీ లాగిన్‌లోంచి ఎక్కుతుంది కాబట్టి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆఫీసు గుమస్తాను రెండుమూడు సార్లు పలకరించి, ఎక్కిందో లేదో అడగండి. ఎక్కాక సచివాలయంలో వేలిముద్ర తనిఖీ ఉంటుంది. రెండో ఏడాది, మూడో ఏడాది కూడా రెన్యువల్ చేయించుకోవాలి, దానంతటది జరగదు.

హాస్టల్ కావాలంటే బీసీ, ఎస్సీ, ఎస్టీ కళాశాల వసతిగృహాలకు వేరే దరఖాస్తు. కాలేజీలో సీటు వచ్చిందని హాస్టల్ సీటు వచ్చేసినట్టు కాదు. మగపిల్లలు ఆర్టీసీ విద్యార్థి పాసుకు కాలేజీ ముద్రతో దరఖాస్తు పెట్టాలి.

ఒక సంగతి చాలామందికి రెండో సెమిస్టర్ అయ్యాకే తెలుస్తుంది. మొదటి ఏడాది తర్వాత ఊళ్లో సమాజసేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత ఇంటర్న్‌షిప్, ఆపైన ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ డిగ్రీలో భాగం. దీన్ని తోటివాళ్ల రికార్డు చూసి ఎక్కించుకునే పనిగా చూస్తారు చాలామంది. మన దగ్గర మాత్రం చేయడానికి నిజమైన పని బోలెడుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బున్న ఇళ్లలో ఏ నీళ్లు తాగుతున్నారో, వైద్యానికి ఎంత ఖర్చవుతోందో యాభై ఇళ్లు తిరిగి రాసినా అది ఎవరికైనా పనికొచ్చే కాగితమే అవుతుంది. జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ల కూలి, పొందూరు ఖాదీ నేతవాళ్ల సంఖ్య, వంశధార కాలువ చివరి పొలాలకు నీళ్లందే తేదీలు, ఇలా ఎన్నో.

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నప్పుడే పీజీ సెట్ సంగతి చూసుకోండి. 2021 నుంచి రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నింటికీ కలిపి ఒకే పరీక్ష. ఎచ్చెర్లలో పీజీ చేయాలన్నా, విశాఖలో చేయాలన్నా అదే ర్యాంకు. దరఖాస్తుకు కావాల్సిన కుల పత్రం, స్టడీ సర్టిఫికెట్లు మూడేళ్ల కిందట తీసిన ఆ జిరాక్సు కట్టలోవే, ఆదాయ పత్రం, ఈడబ్ల్యూఎస్ మాత్రం కొత్తవి తీసుకోవాలి.